కళ్ళు మూసుకుని చూసే అడవి

రెండేళ్ళ కిందట మా ఆశ్రమ పాఠశాలలో ఒక శనివారం మధ్యాహ్నం పిల్లల మానసిక ప్రశాంతత కోసం కార్యక్రమం పెట్టారు. కింద నుంచి వచ్చిన శిక్షకుడు మంచివాడే. గొంతు మెత్తన. పిల్లల్ని హాల్లో వరసగా కూర్చోబెట్టి, తలుపులు వేయించి, సెల్‌ఫోన్‌లో సెలయేటి చప్పుడు పెట్టాడు. కళ్ళు మూసుకోమన్నాడు. "మీరిప్పుడు ఒక పచ్చని అడవిలో ఉన్నారు, మీ పక్కన నీళ్ళు పారుతున్నాయి, దూరంగా ఒక పక్షి కూస్తోంది" అంటూ నెమ్మదిగా చెప్పుకుపోతున్నాడు. హాలు గోడకు అవతల కొండ ఉంది. కొండ కింద గెడ్డ ఉంది. ఆ గెడ్డలో ఆ సమయానికి నిజం నీళ్ళే పారుతున్నాయి.

ఆరో తరగతి గుంటడొకడు ఒక కన్ను తెరిచి, "సార్, మా గెడ్డ ఇలా మోగదండి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకు సాయంత్రం దాకా కూడా నిలవలేదు. స్టడీ అవర్‌లో ఆ తరగతి పిల్లల్నే అడిగాను: ఈ ఏడాది బడి వెనక గెడ్డ దగ్గరకు ఎంతమంది వెళ్ళారు? రెండు చేతులు లేచాయి. ఆ ఇద్దరూ గోడ దూకి వెళ్ళినవాళ్ళు, చేతులెత్తాక దెబ్బలు పడతాయేమోనని మళ్ళీ దించేసుకున్నారు. గేటుకు తాళం వేసింది శిక్షకుడు కాదు. మేమే. పిల్లలకు ఏమైనా అయితే ఎవరు జవాబు చెబుతారన్న భయంతో వేశాం. ఆ భయం అబద్ధం కాదు. కానీ అడవిలో పుట్టిన పిల్లవాడికి అడవిని సెల్‌ఫోన్‌లో వినిపించే స్థితికి మేం కూడా కారణమేనని ఆ రోజు అర్థమైంది.

ఆ తరువాతే ఈ విషయం మీద వచ్చిన రాతలు చదవడం మొదలుపెట్టాను. ప్రకృతిలో ఎరుకతో గడపడం, చెట్ల మధ్య నెమ్మదిగా నడవడం, ఒక ఆకును పది నిమిషాలు చూడడం, చెప్పుల్లేకుండా గడ్డి మీద నిలబడడం, ఇవన్నీ ఆరోగ్యానికి మంచివని చెప్పే పుస్తకాలు, ప్రసంగాలు ఇప్పుడు చాలా వస్తున్నాయి. వీటిని వెటకారం చేయడం మనవాళ్ళకు తేలిక. "మా తాత రోజూ చేసేదే కదా, దానికి డబ్బు కట్టి నేర్చుకుంటారా" అంటాం. నేనూ అన్నాను. చదివాక ఆ మాట కొంత వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

జపాన్‌లో 1982లో అక్కడి అటవీ శాఖ 'షిన్‌రిన్ యోకు' అనే మాటను తెచ్చింది. అడవి స్నానం అని దాని అర్థం. నీళ్ళలో మునిగినట్టు అడవి గాలిలో, వాసనలో, చప్పుడులో కాసేపు మునిగి ఉండడం. నగరాల్లో పనిభారంతో నలిగిపోతున్న జనాన్ని అడవుల వైపు నడిపించడం ఒక ఉద్దేశమైతే, ఆ అడవులకు కలప కాక వేరే విలువ ఉందని చూపడం ఇంకొకటి. 1984లో అమెరికాలో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు ఒక చిన్న అధ్యయనం ప్రచురించాడు. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయిన రోగుల రికార్డులు తీసి, అన్ని విధాలా పోలికలున్నవారిని ఇరవైమూడు జతలుగా కలిపాడు. జతలో ఒకరి మంచం పక్క కిటికీలోంచి చెట్లు కనబడతాయి, ఇంకొకరి కిటికీలోంచి ఇటుక గోడ. చెట్లు కనబడినవాళ్ళు కొంచెం ముందుగా ఇంటికి వెళ్ళారు, గట్టి నొప్పి మందులు తక్కువ వాడారు. 2019లో ఇంగ్లండ్‌లో దాదాపు 20,000 మందిని అడిగి చేసిన ఇంకో అధ్యయనంలో, వారానికి కనీసం 120 నిమిషాలు ప్రకృతిలో గడిపేవాళ్ళు తమ ఆరోగ్యం బాగుందని చెప్పే అవకాశం ఎక్కువగా కనిపించింది. ఆ రెండు గంటలూ ఒకేసారి గడిపినా, విడివిడిగా గడిపినా తేడా లేదు. బాగున్నవాళ్ళే బయటికి ఎక్కువ వెళ్తారేమో అన్న అనుమానం ఇలాంటి లెక్కల్లో ఎప్పుడూ ఉంటుంది. అయినా కొట్టిపారేసే విషయం కాదు.

ఉల్రిచ్ కిటికీ గురించి చదివిన రోజు నేను మా వసతి గదులు చూసి వచ్చాను. కొండ వైపు గోడకు కిటికీ లేదు. అటు సామాన్ల గది ఉంది, ట్రంకు పెట్టెలున్నాయి. కిటికీలన్నీ సిమెంటు వరండాలోకి తెరుచుకుంటాయి. మన ప్రాంతపు బడి కట్టడానికి ప్లాను గీసినవాళ్ళకు కొండ అంటే చూడవలసిన వస్తువు అని తోచలేదు. వానాకాలంలో జారి పడే మట్టిగా తోచి ఉంటుంది.

కాబట్టి నా పేచీ ఈ రాతలు చెప్పే అలవాట్లతో కాదు. వాళ్ళు గీసే బొమ్మతో. ఆ బొమ్మలో అడవి ఉంటుంది, మధ్యలో ఒక మనిషి ఉంటాడు, అతను ఒంటరిగా ఉంటాడు. అడవిలో మరెవరూ ఉండరు. కట్టెలమోపుతో ఎదురొచ్చే ఆడమనిషి ఉండదు. ఆ దారి ఎవరు నడిచి వేశారో ఉండదు. అతను అక్కడికి అలసి వస్తాడు, తేలికపడి వెళ్తాడు. అడవి అతనికి ఇస్తుంది. అతను అడవికి ఏం బాకీ ఉన్నాడన్న ప్రశ్న చాలా పుస్తకాల్లో రాదు. వస్తే గిస్తే ప్లాస్టిక్ పారేయవద్దు అన్న చోట ఆగిపోతుంది.

ఈ బొమ్మను మనవాళ్ళు రోజూ చూస్తూనే ఉన్నారు. పాడేరు దగ్గర వంజంగి కొండకు చలికాలంలో తెల్లవారుజామునే జనం కట్టలు కట్టుకుని వస్తారు, కింద పరుచుకున్న మబ్బుల మీద సూర్యోదయం చూడడానికి. అందరూ గోల చేసేవాళ్ళు కాదు. ఒకసారి ఒకాయన ఫోన్ కూడా బయటికి తీయకుండా రాయి మీద గంటసేపు కూర్చున్నాడు. దిగివస్తూ దారిలో టీ అమ్ముతున్న మా మామతో "ఇక్కడ రోజూ ఉంటే ఎంత ప్రశాంతంగా ఉంటుందో కదా" అన్నాడు. "రోజూ ఉంటే చలి బాబూ" అన్నాడు మామ. ఆయన వేళాకోళమాడలేదు. ఉన్నమాట చెప్పాడు. అరకు దారిలో నిటారుగా నిలబడ్డ సిల్వర్ ఓక్ చెట్ల మధ్య ఆగి దట్టమైన అడవి అని ఫొటోలు తీసుకుంటారు. అది అడవి కాదు, కాఫీ తోట. ఆ చెట్టు పుట్టిల్లు ఆస్ట్రేలియా. మన కాఫీకి నీడ కోసం, మిరియాల తీగ పాకడానికి తెచ్చి నాటింది. మీ మనసు తేలికపడుతున్న ఆ చోటే మా అక్కచెల్లెళ్ళు నవంబరు నుంచి పళ్ళు ఏరుతూ నడుము పట్టేసి సాయంత్రం ఇంటికొస్తారు. రెండూ నిజమే. ఒక నిజం రాసేటప్పుడు రెండోది కనపడకపోవడమే నా అభ్యంతరం.

ఈ లోటు లేని పుస్తకం ఏదైనా ఉందా అని వెతుక్కుంటే నాకు 'వనవాసి' గుర్తొచ్చింది. విభూతిభూషణ్ బందోపాధ్యాయ బెంగాలీలో రాసిన 'ఆరణ్యక్' 1939లో పుస్తకంగా వచ్చింది. సూరంపూడి సీతారాం అనువాదంతో తెలుగు పాఠకులు దాన్ని తమ నవలే అనుకునేంతగా ప్రేమించారు. అడవి మీద ఇష్టం ఉన్న తెలుగువాళ్ళు ఒకరికొకరు చెప్పుకునే పుస్తకం ఇది. మన యువకులు దీన్ని చదవాలనే అంటాను. అయితే మైదానం పాఠకులు చదివినట్టు కాదు.

కథకుడు సత్యచరణ్ కలకత్తాలో చదువుకున్న నిరుద్యోగి. స్నేహితుడి జమీందారీలో మేనేజరు ఉద్యోగం దొరికి బీహారు అడవులకు వస్తాడు. మొదట్లో అతనికి ఆ చోటు నచ్చదు. మాట్లాడే మనిషి లేడు, పుస్తకాలు లేవు, పారిపోదామనిపిస్తుంది. అడవి నెమ్మదిగా పట్టుకుంటుందని, తరువాత వదలదని కచేరీలో ముసలి గుమస్తా ముందే హెచ్చరిస్తాడు. అలాగే అవుతుంది. వెన్నెల్లో గుర్రం మీద ఒంటరిగా తిరగడం, సరస్వతీ కుండ్ ఒడ్డున చెట్ల కింద పడుకుని పక్షుల్ని వినడం, ఒక పువ్వు పూసే రుతువు కోసం ఎదురుచూడడం, ఇవన్నీ అతనికి అలవడతాయి. ఈనాటి పుస్తకాలు సూచనలుగా చెప్పేవన్నీ అతను ఎవరూ చెప్పకుండానే చేస్తాడు. చేసి బాగుపడతాడు కూడా. ఆ పేజీలు చదువుతుంటే మనకూ ఊపిరి నిమ్మళిస్తుంది. ఆ గొప్పతనాన్ని కాదనలేం.

కానీ అతని ఉద్యోగం ఏమిటి? ఆ అడవిని ముక్కలు చేసి కౌలుకివ్వడం. వేల బిఘాల అడవి నరికించి, నేల చదును చేయించి, శిస్తు వచ్చేలా చూడడం. పగలు ఆ పని చేస్తాడు, రాత్రి అదే అడవిలో మనశ్శాంతి పొందుతాడు. ఏ చెట్టు కింద పడుకుని సేదతీరాడో ఆ చెట్టును నరకడానికి పట్టా రాసిచ్చే చెయ్యి తనదే. నవల గొప్పతనం ఈ సంగతిని దాచకపోవడంలో ఉంది. మొదటి పుటల్లోనే ఒప్పుకుంటాడు, చివర అడవి దేవతల ముందు తప్పు చెప్పుకుంటాడు. మధ్యలో ఆకలి ఉంది. అన్నం దొరుకుతుందంటే వానలో మైళ్ళు నడిచి వచ్చేవాళ్ళున్నారు. అతని విస్తరిలో మిగిలిన మెతుకుల కోసం చలిరాత్రి బావి దగ్గర కాచుకుని నిలబడే కుంత ఉంది. అదే రాత్రి, అదే వెన్నెల. వెన్నెల అందాన్నీ కుంత చలినీ ఒకే పుస్తకంలో పెట్టిన రచయిత మీద నాకు నమ్మకం కుదిరింది.

మనకు ఇంకా దగ్గరి మనిషి యుగళప్రసాద్. అతను ఎక్కడెక్కడి నుంచో అడవి పూల విత్తనాలు, దుంపలు తెచ్చి సరస్వతీ కుండ్ చుట్టూ నాటుతుంటాడు. అది తన భూమి కాదు, లాభం లేదు, చూసి మెచ్చుకునేవాళ్ళు లేరు. ప్రకృతిలో గడపడం అంటే ఏమిటో నవల మొత్తంలో బాగా తెలిసింది అతనికే అని నా లెక్క. సత్యచరణ్ కూర్చుని చూస్తాడు, యుగళప్రసాద్ వంగి నాటుతాడు. అయినా తెలుగులో ఈ నవల గురించి మాట్లాడేవాళ్ళు వెన్నెల గురించి చెప్పినంతగా ఇతని గురించి చెప్పరు.

దొబ్రు పన్నా దగ్గరకు వచ్చేసరికి ఆదివాసీ పాఠకుడిగా నేను ఆగిపోతాను. ఒకప్పటి ఆ అడవుల రాజు, ఇప్పుడు గొడ్లు కాసుకునే ముసలివాడు. రాజవంశీయుల సమాధులున్న చోట నిలబడి సత్యచరణ్ సిగ్గుపడతాడు. గెలిచిన జాతి సంతానంగా తనను తాను చూసుకుని, ఓడినవాళ్ళ చరిత్ర ఎవరూ రాయలేదని అనుకుంటాడు. 1930లలో ఒక మైదానం రచయిత అంత దూరం ఆలోచించడం చిన్న సంగతి కాదు. అడవి దున్నలు గోతుల్లో పడకుండా చెయ్యెత్తి నిలబడే దేవుడి గురించి కూడా ఇక్కడే వింటాం. టాండ్‌బారో అని ఆ దేవుడి పేరు. చాలాకాలం తరువాత కలకత్తా వీధిలో బండివాడు దున్నను చావబాదుతుంటే సత్యచరణ్‌కు ఆ దేవుడే గుర్తొస్తాడు. మన దేవుణ్ణి నగరం దాకా మోసుకెళ్ళిన ఆ ఒక్క సన్నివేశం కోసం నేను అతన్ని చాలా క్షమిస్తాను.

భానుమతి విషయంలో క్షమించలేను. ఆమె దొబ్రు పన్నా వంశపు పిల్ల. భారతవర్షం పేరు విన్నావా అని అతను అడుగుతాడు. ఆమె వినలేదు, అది ఏ వైపు ఉందని అడుగుతుంది. ఈ ఘట్టాన్ని చదివి మైదానం పాఠకుడు ముచ్చటపడతాడు: ఎంత అమాయకురాలు! నాకు వేరే ప్రశ్న వస్తుంది. ఆమెకు ఏం తెలుసో అతను ఎందుకు అడగలేదు? ఏ దుంప ఏ నెలలో తవ్వాలి, ఏ చెట్టు నీడలో నిద్రపోకూడదు, ఎలుగు ఏ దారిన నీళ్ళకు వస్తుంది, ఇవి ఆమెకు తెలిసి ఉండాలి కదా. అతను అన్నేళ్ళు ఆ అడవిలో తిరిగినా వాళ్ళ ఎరుకను విద్యగా చూడలేదు. ఆమె అతనికి అడవి అందంలో ఒక భాగం. చివర్లో ఇక్కడే ఉండిపోయి ఈమెను పెళ్ళాడితే ఎంత బాగుండును అనుకుంటాడు, వెళ్ళిపోతాడు. చెట్టును చూసిన కంటితోనే మనిషినీ చూశాడు.

ఈమధ్యే వచ్చిన సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల 'కొండపొలం'ను దీని పక్కన పెట్టి చూడవచ్చు. 2019లో తానా బహుమతి పొంది, 2021లో సినిమాగా కూడా వచ్చింది. మేతా నీరూ లేని కాలంలో గొర్రెల్ని నల్లమలకు తోలుకెళ్ళే కాపరుల కథ. చదువుకుని ఉద్యోగం రాక లోలోపల కుంగిపోయిన కుర్రవాడు తండ్రితోపాటు మందను తోలుకుని అడవికి పోతాడు, ధైర్యం కూడగట్టుకుని తిరిగొస్తాడు. మానసిక ఆరోగ్యం గురించే మాట్లాడే నవల అనుకున్నా తప్పులేదు. అయితే అతన్ని బాగుచేసింది అడవిని ఊరికే చూస్తూ కూర్చోవడం కాదు. చేతిలో మంద ఉంది. పులి భయం ఉంది. తప్పిపోయిన గొర్రె కోసం వెతకాలి. పక్కన తనకన్నా తెలిసిన పెద్దలున్నారు. పని, భయం, పెద్దల తోడు కలిసి అతని చూపును పదును చేశాయి. ఇది మన అనుభవానికి ఎక్కువ దగ్గర. కాపరులు ఆదివాసులు కాకపోవచ్చు, ఎరుక పుట్టే దారి మాత్రం ఒకటే.

మా అమ్మమ్మతో అడ్డాకులకు వెళ్ళిన రోజులు చెబుతాను. అడ్డ తీగ మీద ప్రతి ఆకూ కోయకూడదు. లేతది ఎండితే ముడుచుకుంటుంది, మరీ ముదిరింది కుట్టేటప్పుడు చిరుగుతుంది. మధ్యరకం ఆకును చూపుతోనే పట్టాలి. నేను తొందరలో తీగనే పట్టి లాగాను. అమ్మమ్మ చెయ్యి మీద కొట్టింది. "తీగ తెంపేస్తే వచ్చే ఏడు ఏటికొస్తావురా ఇక్కడికి?" అంది. ఆ రోజంతా నేను ఆకుల్ని తప్ప ఇంకేమీ చూడలేదు. ఒక్కో ఆకునూ చూశాను. ఎరుకతో ఉండమని ఆమె చెప్పలేదు. ఎండబెట్టి, వెదురు పుల్లలతో కుట్టి, సంతలో అమ్మాలి, అంతే. శ్రద్ధ ఆ పనిలోనే ఉంది.

మామిడి కొత్త కూడా అలాంటిదే. కొత్త పండుగ చేసే దాకా చెట్టున కాయ వేలాడుతున్నా ముట్టుకోకూడదు. రాలిన కాయనూ వదిలేసేవాళ్ళం. చిన్నప్పుడు అది మూఢనమ్మకం అని బడిలో విని నమ్మాను. ఇప్పుడు వేరేగా తోస్తుంది. తినకూడదన్న కట్టుబాటు ఉన్నందుకే రోజూ ఆ చెట్టును చూసేవాళ్ళం. పూత ఎంత రాలింది, పిందె ఎంత నిలిచింది, గాలివానకు ఏ కొమ్మ విరిగింది, అన్నీ తెలిసేవి. కాయ ముదిరే దాకా, టెంక గట్టిపడే దాకా ఊరు ఊరంతా ఆగేది. పది నిమిషాలు ఆకును చూడమనే అభ్యాసానికి, రెండు నెలలు చెట్టు కోసం ఆగడానికి చాలా తేడా ఉంది. రెండో దానిలో చెట్టుకు కూడా ఏదో దక్కుతుంది.

ఇక్కడ మన రాతల మీద కూడా ఒక మాట అనాలి. మైదానం పుస్తకాలు అడవిలో మనిషిని మరిచిపోతే, మనం అడవినే మరిచిపోతున్నాం. గత పదేళ్ళలో మనవాళ్ళు రాసిన కవితలు చదవండి. 'అడవి తల్లి' ప్రతి పేజీలో ఉంటుంది. ఆ తల్లి ఒంటి మీద ఒక్క చెట్టుకు పేరు ఉండదు. ఏ నెలో తెలియదు, ఏ కొండో తెలియదు. పట్నంలో అద్దె గదిలో కూర్చుని రాసినవి, నావి కూడా వాటిలో ఉన్నాయి. తల్లి అన్నాక ఆమె ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు అనుకున్నాం. అలాగే అడవిలో అంతా సుఖమే అన్నట్టు రాయడం కూడా మానాలి. చలిజ్వరం ఉంది, పాము ఉంది, పురిటి నొప్పులు పడుతున్న ఆడమనిషిని డోలీలో మోసుకుని కొండ దిగే దారి ఉంది. ఆ డోలీ కొమ్ము భుజాన పెట్టుకున్నవాడికి అడవి స్నానం గురించి చెప్పడానికి నాకు నోరు రాదు. రోడ్డు కావాలి, ఆసుపత్రి కావాలి, కొండా కావాలి. వీటిలో ఏదో ఒకటే కోరుకోమనడం బయటివాళ్ళ షరతు. 2006 అటవీ హక్కుల చట్టం మనకు పట్టాతోపాటు అడవిని కాపాడే హక్కును కూడా సామూహికంగా గుర్తించింది. పట్టా గురించి అడిగినంత గట్టిగా ఆ రెండో సంగతి మన ఊళ్ళలో అడగడం లేదు.

ఉపాధ్యాయులు చదివే పుస్తకం కనుక, ఆ శనివారం తరువాత మేం ఏం చేశామో కూడా చెప్పాలి. పెద్దదేం కాదు. వారానికి రెండు గంటలు అన్నారు కదా. ఆదివారం ఉదయం రెండు గంటలు, పదిమంది చొప్పున, తల్లిదండ్రుల సంతకాలు తీసుకుని, గేటు తాళం తీశాం. ఊళ్ళోంచి ఒక తాతను తోడు రమ్మన్నాం. తాతకు ఏమీ ముందు చెప్పలేదు. మొదటి వారం ఆయన గెడ్డ దాటే ముందు దారి పక్క రాయి దగ్గర ఒక ఆకుకొమ్మ విరిచి పెట్టాడు. పిల్లలు తెల్లమొహం వేశారు. వాళ్ళల్లో చాలామంది మూడో తరగతిలో హాస్టల్‌కు వచ్చేశారు, ఇంటికి సెలవుల్లో వెళ్ళినా ఫోన్ వదలరు. తాత "రా" అన్నాడు తప్ప వివరించలేదు. ఒక చోట కూర్చుని బీడీ ముట్టించాడు. మేమూ కూర్చున్నాం. నేను ఏదో పాఠం చెప్పబోతే, "ఉండు మేస్టారూ, ఆడ ఏదో కదిలింది" అన్నాడు. అందరం ఊపిరి బిగబట్టాం. ఐదు నిమిషాలకు ఒక ముంగిస బయటికొచ్చి, మమ్మల్ని చూసి, తీరిగ్గా వెళ్ళిపోయింది. పిల్లల్ని అంత నిశ్శబ్దంగా నేను ఏ ప్రార్థనలోనూ చూడలేదు.

ఒకే నియమం పెట్టాం. తిరిగొచ్చాక ప్రతి పిల్లా పిల్లవాడూ ఒక చెట్టునో పురుగునో పిట్టనో తమ ఇంటి భాషలో ఏమంటారో రాయాలి, ఆ పేరు ఎవరు చెప్పారో కూడా రాయాలి. చెప్పినవాళ్ళ పేరు రాయించడం ముఖ్యం అనిపించింది. వాళ్ళు చదివిన పాఠాల్లో అమ్మ దగ్గర నేర్చుకున్నదానికి లెక్క లేదు. ఇప్పుడా నోటు పుస్తకంలో రెండువందలకు పైగా పేర్లున్నాయి. ఒకే మొక్కకు మూడు భాషల్లో మూడు పేర్లు, మూడు ఊళ్ళ నుంచి ముగ్గురు అమ్మమ్మలు. కొన్ని తప్పులున్నాయి, దిద్దలేదు. దీనివల్ల పిల్లల మనసులు కుదుటపడ్డాయని లెక్కలతో చెప్పలేను. రాత్రిపూట ఏడ్చే ఒక చిన్నది ఇంకా ఏడుస్తూనే ఉంది. కాకపోతే ఆదివారం కోసం ఎదురుచూస్తోంది. వానాకాలంలో గెడ్డ పొంగితే నడక ఆపేస్తాం. ఒకసారి తేనెటీగలు కుట్టి ఇద్దరికి ముఖాలు వాచాయి, మాకు మెమో రావలసింది, తప్పిపోయింది. గేటు తాళం ఎందుకు వేశారో మళ్ళీ తెలిసొచ్చింది. అయినా మళ్ళీ వేయలేదు.

ఈ ఏడాది తొమ్మిది, పది తరగతుల పిల్లలకు సాయంత్రాలు 'వనవాసి' కొద్దికొద్దిగా చదివి వినిపించాను. వెన్నెల వర్ణనల దగ్గర ఆవలించారు. "అది అందరికీ తెలుసు కదా సార్" అన్నారు. కుంత దగ్గర కదలకుండా విన్నారు. యుగళప్రసాద్ నాటే పూలు మన దగ్గర ఉన్నాయా అని అడిగారు. కొన్ని పేర్లు నాకూ తెలియలేదు, తాతను అడగమన్నాను. భానుమతిని భారతవర్షం గురించి అడిగే ఘట్టం చదివాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత పదో తరగతి పిల్ల ఒకతె, మామూలుగా నోరు విప్పనిది, "ఆమె రాస్తే ఏటి రాసుండేది సార్?" అంది.

రాసి చూపించమన్నాను. మరునాడు నాలుగు వాక్యాలు తెచ్చింది. అతను గుర్రం మీద వచ్చాడట. గుర్రాన్ని చూసి మా గొడ్లు బెదిరాయట. అతను చెట్టు కింద కూర్చుని చాలాసేపు కొండను చూశాడట. ఆ చెట్టు కింద కూర్చోకూడదని అతనికి చెబుదామనుకున్నాను, అతను నన్ను వేరే ఏదో అడిగాడు అని అక్కడ ఆపేసింది. ఎందుకు కూర్చోకూడదో రాయమన్నాను. ఇంటికెళ్ళినప్పుడు అమ్మమ్మను అడిగి రాస్తానంది.